కప్ప సాక్ష్యం

పోజో సెరెనో మఠం,
విభూది బుధవారం మరునాడు, 1961

అమ్మాయీ ఎర్సీలియా,

మీ పెద్దమ్మ ఫెర్మీనా చెబుతుంటే సిస్టర్ స్కొలాస్టికా రాస్తున్న ఉత్తరం ఇది. చెప్పింది చెప్పినట్టు రాయాలని ఈసారి ఆవిడ చేత జపమాల మీద ఒట్టు వేయించుకున్నాను. క్రిస్మస్ ఉత్తరంలో నేను "మీ అత్తగారి నోట్లో మన్ను పడ" అంటే ఈ మహాతల్లి "మీ అత్తగారికి ప్రభువు శాంతిని ప్రసాదించుగాక" అని రాసిందట. నువ్వు జవాబులో "పెద్దమ్మా, ఒంట్లో బాగానే ఉందా" అని అడిగితే గాని సంగతి బయటపడలేదు. ఏళ్ళ తరబడి బడిపిల్లల తప్పులు దిద్దిన చెయ్యి, నా మాటల్నీ దిద్దకుండా ఉండలేకపోయింది.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. పండగ భోజనాల దగ్గర అందరి ముందూ మీ అత్త ఆర్మీదా "కాయని చెట్టుకు నీళ్ళు పోయడం దండగ" అన్నదనీ, నీ మొగుడు ఒరెస్తె తల వంచుకుని రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడనీ రాశావు. అన్నమ్మ గారి గుడి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కావు. ఆవిడ కాచి ఇచ్చిన కషాయాలన్నీ తాగావు. ఇక చాలు. నేనొక సంగతి చెబుతాను, నవ్వకుండా విను.

ద్రాక్ష కోతలప్పటి నుంచి మా ముసలి సిస్టర్ల వసారా చివర తెల్ల రేకు డబ్బాలు పెట్టారు. ముట్లుడిగిన వాళ్ళందరూ పొద్దున లేచి వాటిలోనే పోయాలని మదర్ ఎవరిస్తా గారు భోజనశాలలో ప్రకటించారు. ఏం పోయాలో ఉన్న మాట రాయమంటే స్కొలాస్టికా రాయనంటోంది. సరే, నీళ్ళు అని రాయనీ. ఎందుకంటే రోగుల కోసం అన్నారు, అంతకు మించి అడగొద్దన్నారు. ఆస్తితో, చదువుతో మఠంలో చేరిన ప్రార్థన సిస్టర్లు అడగలేదు. చేతులు తప్ప ఏమీ లేకుండా వచ్చిన పని సిస్టర్ని నేను. వంటిల్లు, కోళ్ళగూడు, ఇప్పుడు ఈ డబ్బాలు. మోసేది నేనైనప్పుడు ఏం మోస్తున్నానో తెలియాలి కదా.

డబ్బాల కోసం రోమ్ నుంచి వ్యాను తోలుకొచ్చే నాజరేనోకు గిన్నెడు శనగల సూప్ పోసి అడిగాను. వాడు చెంచా ఆపి, "పిల్లలు లేని ఆడవాళ్ళకు ఇందులోంచి మందు తీస్తున్నారు సిస్టరమ్మా" అన్నాడు.

నా నవ్వుకు కోళ్ళు బెదిరి గోడెక్కాయి. నవ్వు ఆగాక నువ్వు గుర్తొచ్చావు.

ఆ మందు ఎవరిస్తున్నారో కనుక్కో. మీ అత్తనడగొద్దు, మొగుడినీ అడగొద్దు. ముందు వెళ్ళు, తర్వాత చెప్పు.

కింద ఉన్న శిలువ గీత నాదే.
నీ పెద్దమ్మ ఫెర్మీనా


రోమ్,
తపస్సు కాలం రెండో వారం

పెద్దమ్మా,

వెళ్ళాను. కాజాలు కుట్టే పనికి ఒక పూట ఎగనామం పెట్టి, నాజరేనోను పట్టుకుని, వాడు చెప్పిన ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు కుర్రవాడిలా ఉన్నాడు గాని నా మాట చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్ళలో అలా విన్న మగవాడిని చూడలేదు.

మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. నెలనెలా అది నెత్తురులోకి ఒక కబురు వదులుతుంది. ఆ కబురు కడుపులో అండాలుండే చోటికి చేరితే ఒక అండం మేలుకుంటుంది. మేలుకున్నానని అక్కడి నుంచి తిరుగు కబురు పోతుంది. అది అందగానే మెదడు గొంతు తగ్గిస్తుంది. పొరుగిళ్ళవాళ్ళు గోడ మీంచి మాట్లాడుకున్నట్టు అన్నాడు. ఆ మాటలు ఆగిపోతే నెల రాదు, బిడ్డా రాదు.

ఇక మీ సంగతి విను. ముట్లుడిగాక అండాల ఇల్లు తలుపు మూసేస్తుంది. ఆ సంగతి మెదడుకు ఎవరూ చెప్పరు. జవాబు రాలేదని అది మరింత గట్టిగా పిలుస్తుంది, ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉంటుంది. ఆ పిలుపు ఒంట్లో నిండి, పొర్లి, నీళ్ళలో బయటికి పోతుంది. దాన్నే వడగట్టి పొడి చేసి సూదిమందుగా ఇస్తారట.

"నీ ఇల్లు బాగానే ఉందమ్మా, పిలిచేవాళ్ళే లేరు" అన్నాడు నాతో. చిన్నప్పుడు పస్తులున్నావా అని అడిగాడు. యుద్ధం చివరి చలికాలం చెప్పాను. అమ్మ పోయింది, తిండి లేదు, గోడ కాగితాల వెనక జిగురు గీకి ఉడకబెట్టుకున్నాం. అప్పుడే నాకు నెలలు వచ్చి ఆగిపోయాయి. ఆకలి రోజుల్లో బిడ్డ వద్దని మెదడే కబురు ఆపేస్తుందట. నాది మళ్ళీ మొదలుపెట్టడం మరిచిపోయి ఉండొచ్చన్నాడు.

బయటికొచ్చి ట్రాము ఆగే చోట కూర్చుని ఏడ్చాను. కాయని చెట్టు కాదట నేను.

పొడి కొద్దిగానే దొరుకుతుందట. పాస్కా పండగ తర్వాత నా వంతు అన్నాడు. మీ డబ్బాలు ఒలకనివ్వకు పెద్దమ్మా.

ఎర్సీలియా


పోజో సెరెనో,
యోసేపు గారి పండుగ వెళ్ళాక

ఒసే అమ్మాయీ,

నా తల ఇన్నేళ్ళుగా కేకలు పెడుతోందని నాకు ఒక్కరూ చెప్పలేదు. మదర్ గారేమో రోజూ "ఫెర్మీనా, గొంతు తగ్గించు" అంటారు. అరుపు పుర్రెలోనే ఉంటే గొంతు తగ్గేదెలా? నీ ఉత్తరం చదివినప్పుడు స్కొలాస్టికా కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తన తలా అరుస్తోందని తెలిసి కాస్త గర్వపడినట్టే ఉంది. ఆ మాట కొట్టేయబోతే పట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. మొన్న వ్యానులో నాజరేనో పక్కన టోపీ పెట్టుకున్న మందుల కంపెనీ పెద్దమనిషి దిగాడు. మదర్ గారి గదిలో తలుపేసుకుని మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మదర్ గారు పిండి ముద్దలా పాలిపోయిన ముఖంతో వంటింట్లోకి వచ్చారు. సంగతేమిటంటే, ఏ మఠం నీళ్ళు వచ్చినా కాసిని తీసి ఒక మగ కప్పకు సూదితో ఎక్కిస్తారట. కడుపుతో ఉన్నదాని నీళ్ళు కలిస్తే ఆ కప్ప తన బీజం వదిలేస్తుందట. అలాంటి నీళ్ళు మందుకు పనికిరావు. మా డబ్బాల నీళ్ళు ఎక్కిస్తే కప్ప వదిలింది.

మా మఠంలో అనాథాశ్రమం నుంచి పనికొచ్చిన ఆడపిల్లలు ముగ్గురున్నారు. చాకిరేవు రొసాల్బా, కోళ్ళ దగ్గర తెరెసినా, వంటింట్లో నా చేతి కింద ఇదా అనే పిల్ల. వాళ్ళ మరుగుదొడ్డి పెరడు అవతల. గడ్డ కట్టే చలిలో తెల్లవారుజామున అంత దూరం పోలేక మా వసారాకే వస్తారు. రమ్మన్నది నేనే.

శనివారం డాక్టరూ మంత్రసానీ వస్తారన్నారు మదర్ గారు. ముగ్గురినీ బల్ల మీద పడుకోబెట్టి చూస్తారు, తేలినదాన్ని ఆ సాయంత్రానికే బయటికి పంపుతారు. పిల్లలు ముగ్గురూ గోడకు అంటుకుపోయి నిలబడ్డారు. ఎవరి ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. కావాలనే చూడలేదు. తెలియనిది నా నోట్లోంచి ఎవరూ లాగలేరు.

చేతిలో డబ్బా కింద పెట్టి, "ఆ నీళ్ళు నావి" అన్నాను.

"ఫెర్మీనా, నీకు డెబ్బై ఆరేళ్ళు."

"బైబిల్లో సారా కడుపుతో ఉన్నప్పుడు తొంభై, మదర్. ఆవిడను ఏ కప్ప పట్టించింది?"

ఇదా ముక్కులోంచి నవ్వు ఆపుకోలేక దగ్గింది. నన్ను ఆ పూటే వంటింట్లోంచి తీసేశారు. భోజనశాలలో నేల మీద కూర్చుని తినాలి. కూర్చున్నాను. నేల చల్లగా ఉంది, సూప్ ఎవరు చేశారో గాని నేల కంటే చల్లగా ఉంది. మాట వెనక్కి తీసుకోకపోతే పాస్కా తర్వాత బిషప్ మేత్రాణుల ప్రతినిధి ముందు నిలబడాలట. నిలబడతాను. డాక్టరు రావడం మాత్రం అప్పటిదాకా ఆగింది.

ఆగితే సరిపోదు. ఆ పరీక్ష అనే మాట మదర్ గారు వెనక్కి తీసుకునేదాకా డబ్బాల్లో చుక్క పడదని ముసలి సిస్టర్లందరి చేతా అనిపించాను. డబ్బాలు ఎండిపోయాయి, బోర్లించి ఎండలో పెట్టాను.

నీ మందు అందులోంచే రావాలని మరిచిపోలేదు ఎర్సీలియా. మరెవరో చెప్పకముందే నా నోటి నుంచే నీకు తెలియాలని ఈ ఉత్తరం.

పెద్దమ్మ


రోమ్,
మట్టల ఆదివారం

పెద్దమ్మా,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మఠం ఒకటి ఆగిపోయిందట, పొడి చాలదట, నా పేరు వెనక్కి వెళ్ళింది. ఆ మఠం ఏదో నేను చెప్పలేదు. సిగ్గేసింది.

నీకొక మాట అడగాలి. ఆ పిల్ల ఎవరు? పేరు కూడా తెలియదంటున్నావు. వద్దనుకుంటూనే కడుపు తెచ్చుకున్న ఎవరో పిల్ల కోసం, కావాలని ఏళ్ళ తరబడి ఏడుస్తున్న నీ చెల్లెలి కూతురి నోటి దగ్గర ముద్ద తీసేశావు. నన్ను ఎంతమంది డాక్టర్లు చూశారో నీకు తెలుసా? మా అత్త పిలిపించిన మంత్రసాని, వంటింటి బల్ల మీద, అత్త దీపం పట్టుకుని నిలబడగా చూసింది. నేను చావలేదు. రెండు నిమిషాల పని. కళ్ళు మూసుకుంటే అయిపోతుంది.

అమ్మ ఉంటే నీలా చేసేది కాదు.

ఒరెస్తెకు అంతా చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన పని.

ఎర్సీలియా


పోజో సెరెనో,
పాస్కా సోమవారం

ఎర్సీలియా,

తిట్టావు, బాగుంది. మీ అమ్మ ఉంటే ఇంకా గట్టిగా తిట్టేది. ఇప్పుడు నా వాదన విను. ఆ ప్రతినిధి ముందూ ఇదే చెబుతాను, నీకు ముందు చెబుతున్నాను.

రెండు నిమిషాల పని అన్నావు. మీ అత్త దీపం ఏ చేత్తో పట్టుకుంది? చెప్పగలవు నువ్వు. ఆ మంత్రసాని ముంజేతి మీద పుట్టుమచ్చ ఉందో లేదో కూడా చెప్పగలవు. కళ్ళు మూసుకున్నదానికి ఇదంతా ఎలా తెలుసు మరి?

నేను పద్దెనిమిదేళ్ళకు ఈ ఇంటి గడప తొక్కాను. ఆస్తి తెచ్చిన వాళ్ళకు దండం పెట్టి లోపలికి తీసుకున్నారు. ఒట్టి చేతులతో వచ్చినదాన్ని కదా, నన్ను గిన్నెలు పెట్టే గదిలోకి తీసుకెళ్ళి, సంతలో పెయ్యదూడను చూసినట్టు చూశారు, కన్నెపిల్లనో కాదో. అప్పటి మదర్ ఒకామె, ఊరి డాక్టరు ఒకడు. డాక్టరుకు జలుబు. ముక్కు చీదుకుంటూ చూశాడు. పైన కొక్కేనికి రాగి గంగాళం వేలాడుతోంది, దాని అడుగున ఒక సొట్ట. ఆ గంగాళంలోనే నేను ఈ ఇంటికి ఇన్నేళ్ళూ వండి పెట్టాను. ఒక్క రోజు కూడా ఆ సొట్ట వైపు చూడకుండా దింపలేదు.

ఇక్కడ స్కొలాస్టికా కలం కింద పెట్టింది. ఆవిడ ఆస్తితో వచ్చిన నోటరీ గారమ్మాయి, ఆవిడనెవరూ అలా చూడలేదు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నాం, ఈ మాట ఆవిడకు తెలియదు. కాసేపటికి మళ్ళీ కలం తీసుకుంది. సిరా చుక్క పడింది, క్షమించు.

మా నీళ్ళు అడిగారు, ఇచ్చాం. ఎందుకో చెప్పకపోయినా ఇచ్చాం. ఇప్పుడు పిల్లల ఒళ్ళు అడుగుతున్నారు. అది ఇవ్వడానికి మదర్ గారిదీ కాదు, నాదీ కాదు. ఏ పిల్ల బల్ల మీద ఏడ్చిన ఏడుపో కలిసిన పొడి నీ కడుపులోకి పోవడం నాకిష్టం లేదు. ఆ పొడిలో అరుపు ఉండాలి, ఏడుపు కాదు.

కోపం తగ్గకపోతే రాయకు. తగ్గితే రాయి.

పెద్దమ్మ


రోమ్,
ఏప్రిల్ చివర

పెద్దమ్మా,

ఎడమచేత్తో. దీపం ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి నా మోకాలి మీద ఉంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు పని చేయలేకపోయాను. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆగిపోయిన మఠంలో మా పెద్దమ్మ ఉందని చెప్పేశాను. కప్ప సంగతంతా చెప్పాను. సారా మాట చెబితే ఎంత నవ్వాడంటే, పక్క గదిలోంచి నర్సు తొంగి చూసింది.

నవ్వాక ఒక మాట చెప్పాడు. కప్ప తప్పు చెప్పి ఉండొచ్చట. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు వచ్చే కబురూ, ముసలివాళ్ళ మెదడు వేసే కేకా అక్కచెల్లెళ్ళలాంటివట, పోలికలు కలుస్తాయి. కేక మరీ గట్టిగా ఉంటే కప్ప దాన్ని చూసి బిడ్డే అనుకుంటుంది. అంటే ఆ నీళ్ళు నిజంగా నీవే కావచ్చు పెద్దమ్మా. నీ తల అరుపు కప్పను బెదరగొట్టి ఉంటుంది.

ఈ సంగతి కాగితం మీద రాసి, కింద ముద్ర కొట్టి ఇచ్చాడు. కుట్టు సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను. ఇది మీ మదర్ గారికి పంపితే పిల్లలు బయటపడతారు, నువ్వు వంటింట్లోకి పోతావు, డబ్బాలు నిండుతాయి, నాకు సూది పడుతుంది. అందరికీ మంచిదే కదా. నువ్వు ఊ అంటే మర్నాడే పోస్టు చేస్తాను.

అమ్మ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎర్సీలియా


పోజో సెరెనో,
మరియమ్మ మాసం మొదటి వారం

నా తల్లీ,

పంపొద్దు.

ముందు ఆ ప్రతినిధి సంగతి విను. ఫాదర్ గారు లావుగా, మంచివాడిలా ఉన్నాడు. అబద్ధమాడావా అని అడిగాడు. ఆ డబ్బాలో నా నీళ్ళూ ఉన్నాయి, కాబట్టి నావన్నది అబద్ధం కాదన్నాను. మరి కడుపు? నేను కడుపని అనలేదు, కప్ప అన్నది, కప్పను పిలిచి అడగండి అన్నాను. ఆయన మీసాల్లో ఏదో కదిలింది. నవ్వో దగ్గో దేవుడికి తెలియాలి. గొడవ ఇంట్లోనే తీర్చుకోమని మదర్ గారికి చెప్పి, నా తీర్పు నాకు చెప్పకుండానే భోంచేసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నీ కాగితం. దాన్ని చూస్తే మదర్ గారు "అయితే కప్పదే తప్పు" అంటారు. పిల్లలు ఈసారికి బతుకుతారు. మరి వచ్చే ఏడు కప్ప నిజం చెబితే? అప్పుడు బల్ల వేయిస్తారు, ఎవరూ అడ్డు చెప్పలేరు, ఎందుకంటే మనం పోట్లాడింది కప్ప తప్పని కదా. నేను కప్పతో పోట్లాడటం లేదు. కప్ప నిజం చెప్పినా ఈ ఇంట్లో ఆడపిల్లను బల్ల ఎక్కించకూడదు. ఆ మాట మదర్ గారి నోటి నుంచి రావాలి, కప్ప తప్పో ఒప్పో తేలకముందే రావాలి.

నీకు ఆలస్యమవుతుంది. ఎంతో చెప్పలేను. నీ ఈడు ముదురుతోందనీ తెలుసు. అయినా అడుగుతున్నాను. కాగితం నీ చేతిలో ఉంది, పోస్టు డబ్బా మీ వీధి మలుపులో ఉంది. నువ్వు పంపితే నేను తిట్టను. పంపొద్దని అడుగుతున్నాను, అంతే.

పెద్దమ్మ

ఇది స్కొలాస్టికా సొంతంగా రాస్తున్నది. ఫెర్మీనాకు చదివి వినిపించను. నా ఈడు సిస్టర్లలో మొదట డబ్బా ముట్టనన్నది నేనే, కాకపోతే భయపడుతూ అన్నాను. ఇప్పుడు భయం లేదు. నిన్న మధ్యాహ్నం నేను కూడా నేల మీద కూర్చుని తిన్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు.


రోమ్,
మే నెల

పెద్దమ్మా,

ఎక్కువ రాయను. కాగితం పంపలేదు. తిరిగి డాక్టరుకే ఇచ్చేశాను. ఎందుకని అడిగితే, అందులో అంతా సరిగ్గానే ఉంది, మా పెద్దమ్మ అడిగే మాటే లేదన్నాను.

నిన్న అత్త పక్కింటావిడ ముందు మళ్ళీ చెట్టు సంగతి ఎత్తింది. చేతిలో ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చెప్పాను. "అత్తగారూ, చెట్టుకేమీ కాలేదు. ఆకలి చలికాలంలో నోరు మూసుకుంది. మీరు మాత్రం అప్పుడూ మూసుకోలేదు, ఇప్పుడూ మూసుకోలేదు." పక్కింటావిడకు పొయ్యి మీద ఏదో గుర్తొచ్చి వెళ్ళిపోయింది. అత్త ఒరెస్తె వైపు చూసింది. ఆయన రొట్టె తుంచడం ఆపి, "అమ్మా, ఇక చాలు" అన్నాడు. మూడు ముక్కలు. పెళ్ళైనప్పటి నుంచి ఆ ముక్కల కోసమే ఎదురుచూశాను.

నువ్వు అన్నట్టే కానీ. నేను ఆగుతాను.

ఎర్సీలియా


పోజో సెరెనో,
పెంతెకోస్తు పండుగ మర్నాడు

ఎర్సీలియా,

టోపీ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది. ఈ చుట్టుపక్కల ఇంత ముసలి ఇల్లు ఇంకొకటి లేదట, డబ్బాలు ఎప్పుడు నిండుతాయని అడిగాడు. మదర్ గారు నన్ను పిలిపించారు. ముసలి సిస్టర్లకు నచ్చజెప్పు, నిన్ను మళ్ళీ వంటింట్లోకి తీసుకుంటాను అన్నారు.

వంటిల్లు నాకేం బహుమానం, నాకు కావలసింది మాట అన్నాను.

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ పైన ఇంకో మదర్, ఆ పైన మేత్రాణులు, అందరూ ఈవిడనే అడుగుతారు. "రేపు ఇంకేమైనా జరిగితే నేనేం జవాబు చెప్పాలి ఫెర్మీనా?" అన్నారు. మెల్లగానే అన్నారు.

"నన్నడగమనండి మదర్. నేను గట్టిగా చెబుతాను."

పెంతెకోస్తు భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నాక, మదర్ గారు లేచి చెప్పారు. ఈ ఇంట్లో ఏ ఆడపిల్లకూ తన ఇష్టం లేకుండా ఒళ్ళు పరీక్ష జరగదు, ఆ కారణంగా ఎవరినీ పంపేయడం జరగదు, అన్నారు. గొంతు చిన్నది కదా, చివరి బల్ల వాళ్ళకు వినపడలేదు మదర్, మళ్ళీ చెప్పండి అన్నాను. మళ్ళీ చెప్పారు. చివరి బల్ల దగ్గర ఆ పిల్లలు ముగ్గురూ ఉన్నారు.

నన్ను వంటింట్లోకి తిరిగి పంపారు, ఈ పొద్దున డబ్బాలు మళ్ళీ నిలబెట్టాను. స్కొలాస్టికా అందరికంటే ముందు లేచింది.

నీ డాక్టరుకు చెప్పు, వస్తున్నాం అని.

పెద్దమ్మ


రోమ్,
జూలై చివర

పెద్దమ్మా,

సూదులు అయ్యాయి. రోజూ ఒకటి, పిరుదు నీలమైంది. పొడుస్తున్న ప్రతిసారీ "పెద్దమ్మా, గట్టిగా అరువు" అనుకున్నాను. నర్సు నాకు పిచ్చి అనుకుంటోంది. నిన్న నా నీళ్ళు కూడా కప్పకు ఎక్కించారు. కప్ప వదిలింది.

డాక్టరు మాత్రం సంబరపడొద్దన్నాడు. చివర్లో ఇచ్చిన సూదిమందు కప్పను మోసం చేయగలదట, ఇంకొన్నాళ్ళు ఆగాలట. నవ్వొచ్చింది. మన ఇంటి ఆడవాళ్ళ విషయంలో ఆ కప్ప ఏ ఒక్కసారీ తిన్నగా సాక్ష్యం చెప్పదా?

ఆగడం నాకు అలవాటే. అత్త ఏమీ అడగడం లేదు. నిన్న మాత్రం నా పళ్ళెంలో రెండు చేప ముక్కలు వేసి, ఎందుకు వేసిందో చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్సీలియా


పోజో సెరెనో,
మరియమ్మ మోక్షారోపణ పండుగ

తల్లీ,

నీ కప్ప సంగతి తర్వాత. మా కప్ప సంగతి తేలింది.

మొన్న రొసాల్బా బట్టల బుట్ట కింద పెట్టి, కొత్త ఏప్రన్ నడుము బిగుతుగా ఉంది సిస్టర్, కాస్త వదులు చేస్తారా అంది. నా ముఖంలోకి చూడలేదు. నేనూ చూడలేదు. సూది ఎక్కడుందో వెతికాను. కుట్లు విప్పి చూస్తే అప్పటికే ఒకసారి విప్పి కుట్టిన గుర్తులున్నాయి, సొంతంగా, వంకరటింకరగా. పాపం, ఎన్నాళ్ళు ఒక్కతే లాక్కొచ్చిందో. ఎవడు, ఎప్పుడు అని అడగలేదు. అది చెప్పాలనుకున్న రోజు నా చెవులు ఇక్కడే ఉంటాయి.

కాబట్టి కప్ప అబద్ధమాడలేదు. నీ డాక్టరు కాగితం అప్పుడే వచ్చి, మదర్ గారు మాటివ్వకుండానే గొడవ తీరి ఉంటే, ఈపాటికి ఆ పిల్ల ఏ రైల్వే స్టేషను బల్ల మీద పడుకుని ఉండేదో ఆలోచించుకో. నువ్వు పోస్టు చేయకపోవడమే దాన్ని ఈ కప్పు కింద ఉంచింది. నీకు ఆ పిల్ల పేరు ఇప్పుడు తెలిసింది కదా.

మదర్ గారికి కూడా తెలిసిపోయింది, కళ్ళున్నాయి కదా. నిన్న వంటింటి గుమ్మంలో నిలబడి, పైకప్పు వైపు చూస్తూ, "రోజూ ఒక గ్లాసు పాలు ఎక్కువ తీయించు ఫెర్మీనా. ఎవరికని నన్ను అడగొద్దు" అన్నారు. అడగలేదు. ఈ ఇంట్లో అడగకుండా ఊరుకోవడం నాకిదే మొదలు.

ఇక నీ సంగతి. ఉంటే ఉన్నట్టు, లేకపోతే మళ్ళీ పంపిస్తాం. మా తలలు ఇప్పట్లో ఊరుకోవు. కప్ప మాట నమ్మకు, డాక్టరు మాటా సగమే నమ్ము. నడుము బిగుతైన రోజు రైలెక్కి ఇక్కడికి రా. రాగి గంగాళం కొక్కెం మీంచి దింపించేశాను, సొట్ట సాపు చేయించి నేల మీద బోర్లించాను. దాని మీద కూర్చునే కుట్లు విప్పుతున్నాను.

కింద శిలువ గీతలు రెండున్నాయి చూడు. ఒకటి నాది. రెండోది రొసాల్బాది.